తాడు లాగాలా, బటన్ నొక్కాలా?

వినాయక చవితి ముందురోజు సాయంత్రం పొదిలి బజారులో గరిక కొన్నాను. గుప్పిట్లో పట్టేంత కట్ట, పది రూపాయలు. ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు కలిపి చుట్టిన పత్రి ఇంకో ముప్పై. ఇంటికొచ్చి గేటు తీస్తే గేటుకీ వరండాకీ మధ్య మోకాలెత్తు గరిక ఊగుతోంది. దాని నడుమ ఉత్తరేణి కంకులు. ప్రహరీ మూలన ఉమ్మెత్త తెల్లగా పూసి ఉంది. అమ్మ నా చేతిలో కట్ట చూసింది, వాకిలి చూసింది, తర్వాత నా ముఖం చూసింది. "డబ్బులెక్కువై కొన్నావా, వంగలేక కొన్నావా?" అంది.

వంగలేకే. నిమజ్జనం అయ్యాక అదే గరికని కోయించడానికి మనిషి కోసం ఊరంతా తిరిగాను. భాద్రపదంలో మా వైపు కొడవలి పట్టే చెయ్యి దొరకదు. ఒక పక్క మిరప నాట్లు, ఒక పక్క పత్తిలో కలుపు. తెల్లారేసరికి ఊళ్ళో ఉన్న చేతులన్నీ ఆటోలెక్కి పొలాలకు పోతాయి. ఎనిమిది సెంట్ల ఇంటి స్థలంలో గడ్డి కోసి పొమ్మంటే, "మిషన్ ఉందిగా సార్ మీకు" అని నవ్వి పోతారు.

ఉంది. మూడేళ్ళ కిందట కొన్న పెట్రోల్ మిషన్, రేకుల షెడ్డులో గోనెసంచి కప్పుకొని పడుకుంది. బయటికి తీశాను. బుడగ నొక్కి పెట్రోలు ఎక్కించి, చోక్ వేసి తాడు లాగాను. ఒకటి, రెండు, మూడు. చోక్ తీసి లాగాను. ప్లగ్ విప్పి తుడిచి లాగాను. పదకొండోసారికి ఒక్క దగ్గు దగ్గింది. ఆశ పుట్టి ఇంకో పది లాగాను. భుజం పట్టేసింది కానీ మిషన్ పట్టలేదు.

ఆ మధ్యాహ్నమే అనుకున్నాను, ఈ పెట్రోల్ గొడవ వదిలించుకొని కరెంటుదో ఛార్జింగ్‌దో కొనేద్దామని. కొనడానికి ముందు చేసిన తిరుగుడే ఈ కథనం.

పనిలేక చచ్చే మిషన్

మిషన్‌ని స్కూటీ ముందు నిలబెట్టుకొని చిన్న బస్టాండు వైపు ఒక మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దగ్గర గడ్డి మిషన్లు రెండో మూడో ఉంటే, మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు వరసగా ఇరవై ఉన్నాయి. మిరప పండే ఊళ్ళ మధ్య చిన్న ఇంజన్ల వైద్యం అంటే ముందు ఆ వైద్యమే.

"సంక్రాంతికి వాడి పెట్టేశారా?" అన్నాడు, మిషన్ ముట్టుకోకుండానే.

"అవును."

"ట్యాంకులో పెట్రోలు ఉంచారా?"

"సగం ఉంది."

"ఇంకేం సార్."

ఎయిర్ ఫిల్టర్ తీసి, వెనకాల అగ్గిపెట్టెంత ఉన్న కార్బురేటర్‌ని విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. పక్క మూతకున్న నాలుగు స్క్రూలూ తీసి, గోటితో ఒక పొరను లేపాడు. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది, పలుచని రబ్బరు. ఇంజన్ ఊపిరి తీసుకున్నప్పుడల్లా అది లోపలికి కుంగి, పెట్రోలును చుక్కలు చుక్కలుగా వదలాలి. కుంగేదేముంది, అప్పడంలా బిగుసుకుపోయింది. వేలితో వంచితే అంచు పెళుసుగా లేచింది. దాని కింద సూదిమొనంత రంధ్రం దగ్గర బెల్లం పాకంలాంటి జిగురు.

పెట్రోలు నిలవుంటే దానంతటదే చిక్కబడి జిగురవుతుంది. ఇది పాత సంగతే. కొత్తగా కలిసిందేమిటంటే, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాలే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత వదులైన చిన్న ట్యాంకులో నెలల తరబడి కూర్చుంటే ఆ తేమంతా చేరి, ఇథనాలూ నీళ్ళూ కలిసి అడుగుకు దిగుతాయి. ఇంజన్‌కి పెట్రోలు అందే గొట్టం ఉండేది ఆ అడుగునే. పాత రకం రబ్బరు పొరలకీ గొట్టాలకీ ఇథనాల్ పడదు కూడా.

మెకానిక్‌కి ఈ రసాయన శాస్త్రం అక్కర్లేదు. ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. "బండైతే రోజూ తిరుగుద్ది సార్. ఇది ఏడాదికి నాలుగు రోజులు తిరుగుద్ది. పెట్రోల్ మిషన్ పనిచేసి చావదు, పనిలేక చస్తది."

కొత్త పొరలు వేసి, రెండు లాగుళ్ళకే స్టార్ట్ చేసి ఇచ్చాడు. మళ్ళీ పక్కన పెట్టేముందు ట్యాంకు ఒంపేసి, మిగిలిన తడి కూడా అయిపోయి దానంతటది ఆగేదాకా తిప్పమన్నాడు. రెండు నిమిషాల పని. అమ్మినప్పుడు ఆ మాట దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

భుజాన లూనా

నా మిషన్ మీద పెద్ద అక్షరాలతో 52 సీసీ అని ఉంటుంది. కొన్నప్పుడు అదో గొప్ప. తర్వాత ఒకరోజు గుర్తొచ్చింది, 1972లో వచ్చిన లూనా 50 సీసీ. అంటే మన నాన్నలు భార్యనీ బియ్యం మూటనీ ఎక్కించుకొని తొక్కుతూ తోస్తూ ఒంగోలు దాకా పోయిన బండి ఇంజనంత ఇంజన్ని నేను భుజాన తగిలించుకొని గరిక మీద యుద్ధానికి పోతున్నానన్నమాట.

వాసన కూడా అదే. ఆ నీలం పొగ పీల్చగానే ఆర్‌ఎక్స్ హండ్రెడ్ రోజులు గుర్తొచ్చే వయసు వాళ్ళకి కాస్త ముచ్చటగానే ఉంటుంది. రోడ్డు మీది బండ్లలో ఎప్పుడో పోయిన టూ స్ట్రోక్ ఇంజన్ ఇంకా బతికున్న చోట్లలో ఈ గడ్డి మిషనొకటి. కారణం సులువే. కవాటాలు లేవు, ఆయిల్ తొట్టి లేదు, ఎటు వంచినా ఆడుతుంది, తేలిక. లోపమూ అక్కడే ఉంది. కాలిన పొగను తోసేసేటప్పుడు కొత్తగా వచ్చిన పెట్రోల్లో కొంత కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. బండైతే ఆ పొగ వెనకాల వచ్చేవాడికి. ఇక్కడ సైలెన్సర్‌కీ మన ముక్కుకీ మధ్య దూరం ఒక గజం.

ఇక ఆయిల్ కలపడం. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో 25కి ఒకటి అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి ఒకటి అని ఉంటే 20. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్ నల్లబడుతుంది. మా వైపు కొలిచి పోసేవాళ్ళు తక్కువ. సీసాలో రంగు చూసి, "చాల్లే" అంటారు. తైవాన్ స్ప్రేయర్లతో అలవాటైన చెయ్యి కాబట్టి చాలాసార్లు సరిపోతుంది కూడా.

ఈ తలనొప్పి వద్దనుకునేవాళ్ళకి ఫోర్ స్ట్రోక్ ఉంది. హోండా జీఎక్స్ 35 అనే చిన్న ఇంజన్‌నే తీసుకోండి. 35.8 సీసీ, సుమారు ఒక కిలోవాట్ బలం, ఆయిల్ విడిగా 100 మిల్లీలీటర్లు. పెట్రోల్లో ఏమీ కలపక్కర్లేదు, పొగ వాసనా తక్కువ. సీసీ తక్కువుందని చిన్నచూపు చూడొద్దు. ఊరూపేరూ లేని 52 కన్నా ఇది రోజంతా నమ్మకంగా నడుస్తుంది. ధర మాత్రం వింటే కూర్చోవాల్సిందే.

అన్నట్టు, లూనా ఏమైందో తెలుసుగా? 2024 ఫిబ్రవరిలో ఈ-లూనాగా మళ్ళీ వచ్చింది. బ్యాటరీ మీద.

నాట్యగురువు చేసిన డబ్బా

ఇంతకీ గడ్డిని దారంతో కోయాలన్న ఆలోచన ఎవరిది? హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ అనే ఆయన డాన్స్ స్కూలు నడిపేవాడు. 1971లో కారు కడిగించడానికి వెళ్ళి లోపల కూర్చుంటే, గిరగిరా తిరిగే నైలాన్ కుచ్చులు కారు రంగు పోకుండా మూలమూలలా మురికి తీయడం చూశాడు. ఇంటికొచ్చి పాప్‌కార్న్ రేకు డబ్బాకి రంధ్రాలు పెట్టి, చేపల గాలం దారం దూర్చి, మోటారుకు బిగించి తిప్పాడు. చెట్టు మొదట్లో గడ్డి తెగింది. పనిముట్ల కంపెనీలు వద్దంటే తనే వీడ్ ఈటర్ పేరుతో తయారుచేసి, 1977లో ఎమర్సన్ ఎలక్ట్రిక్‌కి అమ్మేశాడు. ఇప్పుడా హ్యూస్టన్ చుట్టూ మన తెలుగువాళ్ళ ఇళ్ళు బోలెడు. శనివారం వస్తే వాళ్ళూ ఆయన డబ్బా మనవళ్ళనే పట్టుకొని పచ్చిక అంచులు దిద్దుతుంటారు.

తేడా ఎక్కడుందంటే, ఆయన కోసింది పచ్చిక. నీళ్ళు పెట్టి, ఎరువేసి పెంచుకున్న మెత్తటి గడ్డి. వేసవిలో తాగే నీళ్ళకే ట్యాంకర్ కోసం చూసే పొదిలిలో పచ్చిక పెంచే మొనగాడెవరూ లేడు. ఇక్కడ గడ్డి వానలకి మొలుస్తుంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా దాని రాజ్యం, ఫిబ్రవరికి ఎండి గాలికి కొట్టుకుపోతుంది. పైగా అది ఒక్క గడ్డి కాదు. కిందపాకే గరిక, గడ్డలతో తుంగ, చెప్పుల్లోంచి దిగే పల్లేరు, నడుమెత్తు వయ్యారిభామ, ప్రహరీ అవతల్నుంచి చొచ్చుకొచ్చే సర్కారు తుమ్మ.

గరికకి నైలాన్ దారం చాలు. తుంగని ఎంత కోసినా గడ్డ కింద నవ్వుతూనే ఉంటుంది. పదిహేను రోజుల్లో మళ్ళీ హాజరు. వయ్యారిభామని పూత రాకముందే తీయాలి, అదీ వేళ్ళతో పీకితే మంచిది. దారంతో కొడితే దాని రసం, పొడి మీద చిందుతాయి. ఒంటికి పడనివాళ్ళకి దద్దుర్లు, ఉబ్బసం. చేతులకి తొడుగు, ముఖానికి తుండుగుడ్డ లేకుండా దాని జోలికి పోవద్దు. సర్కారు తుమ్మ పిలకలకి ఇనప బ్లేడు కావాలి, ఆ బ్లేడు తిప్పడానికి ఇంజన్ కావాలి. చిన్న బ్యాటరీ మిషన్ల దారం 1.6 మిల్లీమీటర్లు, పెట్రోల్ మిషన్లది 2.4 గానీ అంతకు మించి గానీ. ఆ మందం తేడా కోసే పనిలోనూ కనపడుతుంది.

రాళ్ళ సంగతొకటి. మాది గరుసు నేల. మొదటి ఏడాది నా మిషన్ విసిరిన గులకరాయి ఎదురింటి కిటికీ అద్దం చిట్లించింది. పదిహేను మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదని పుస్తకంలో రాసి ఉంటే ఊరికే రాశారనుకున్నాను. కళ్ళద్దాలూ గట్టి బూట్లూ లేకుండా తాడు ముట్టుకోవడం మానేశాను అప్పట్నుంచి. బూట్లకి ఇంకో కారణం కూడా ఉంది. గడ్డిలో రక్తపింజర మీకు కనపడదు. మిషన్ మోతలో దాని బుస కూడా వినపడదు.

ఓల్టులూ అబద్ధాలూ

పెట్రోలుకు ముందు నేనొక బ్యాటరీ మిషన్ కొన్నాననే సంగతి అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. ఫోనులో బొమ్మ చూసి తెప్పించాను. బ్యాటరీ మీద '48' అని పెద్దగా, దాని పక్కన ఏవో అక్షరాలు. రెండో వానాకాలానికి ఛార్జింగ్ నిలవలేదు. ఏమవుతుందో చూద్దామని పెట్టె విప్పితే లోపల వరసకి ఐదు సెల్లులే. లిథియం సెల్లు ఒక్కోటి సుమారు 3.6 ఓల్టులు. ఐదు కలిపితే 18. నిండా ఛార్జ్ చేసిన క్షణాన 21కి అటూ ఇటూ. మరి ఆ 48 ఎక్కడిది? స్టిక్కరుది. బజారులో 88 అనీ, అంతకన్నా ఎక్కువనీ రాసి ఉన్నవి కూడా లోపల ఇదే సరుకు కావచ్చు. పేరున్న కంపెనీల్లో కూడా ఒకే బ్యాటరీని ఒకరు 18 అంటారు, ఒకరు 20 అంటారు. అది మోసం కాదు, ఒకరు నడిచేటప్పటి లెక్క చెబుతారు, ఒకరు నిండినప్పటి లెక్క చెబుతారు.

చూడాల్సింది ఓల్టుల్ని ఆంపియర్-అవర్లతో హెచ్చవేస్తే వచ్చే అంకె. 18 ఓల్టులు, 4 ఆంపియర్-అవర్లు: 72 వాట్-అవర్లు. అంటే కరెంటు యూనిట్‌లో పదో వంతు కూడా లేదు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా, ఛార్జర్ తినే వాటాతో కలిపి ఒక ఛార్జింగ్‌కి రూపాయి కూడా కాదు. ఎంత చవకో చూడండి అని అమ్మేవాళ్ళు చెప్పేది ఈ లెక్కే. దీనికి అవతలి పక్కన ఇంకో లెక్కుంది.

లీటరు పెట్రోల్లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఆ హోండా ఇంజన్ పూర్తి వేగంలో గంటకు 0.7 లీటరు తాగి ఒక యూనిట్ పని చేస్తుంది. మిగతాదంతా వేడి, మోత, పొగ. అంటే ఆరుపాళ్ళలో ఐదు పాళ్ళు దండగ. బ్యాటరీ మోటారు అంత దండగ చేయదు. అయినా ఇంజన్ ట్యాంకు, ముప్పావు లీటరు కూడా పట్టనిది, ఒక్కసారి నింపితే చేసే పని, ఆ 72 బ్యాటరీ చేసే పనికి పదిహేను రెట్లు. ఒక్క బ్యాటరీతో గట్టి గడ్డిలో పావుగంట, పలుచని గడ్డిలో అరగంట. ఆ తర్వాత మీరూ మిషనూ కూర్చొని ఛార్జర్ మీది ఎర్ర లైటు చూస్తుండాలి.

మిరప రైతుకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. మందు కొట్టడంలో ఇదంతా చూసేశాడు. చేత్తో కొట్టే పంపు పోయి తైవాన్ స్ప్రేయర్ వచ్చింది, తర్వాత ఛార్జింగ్ పంపు వచ్చింది. మందు తోయడానికి కావాల్సిన బలం కొంచెమే కాబట్టి చిన్న బ్యాటరీ ట్యాంకుల మీద ట్యాంకులు కొట్టేస్తుంది. గడ్డి కోయడం అలాంటి పని కాదు. ప్రతి పోచా ఎదురుతిరుగుతుంది. పంపు విషయంలో బ్యాటరీ గెలిచిందని గడ్డి విషయంలోనూ గెలుస్తుందనుకోవడం తొందరపాటు.

బ్యాటరీకి అసలు ఖర్చు కరెంటు కాదు, అరుగుదల. ఒక మంచి బ్యాటరీ ఐదు వేలు, ఐదు వందలసార్లు ఛార్జ్ అయిందనుకోండి. ఒక్కోసారికి పది రూపాయలు దానికే పోయినట్టు. మాబోటి ఇళ్ళల్లో ఐదు వందలసార్లు వాడం, పదేళ్ళకి కూడా. అంతకుముందే ఎండ చంపుతుంది. మే నెలలో పొదిలి రేకుల షెడ్డు లోపల చెయ్యి పెట్టలేం. నిండా ఛార్జ్ చేసి ఆ వేడిలో పడేసిన లిథియం బ్యాటరీ, వాడకపోయినా, నెలనెలా బలం పోగొట్టుకుంటుంది. నా 48 స్టిక్కరు పోయింది ఆ షెడ్డులోనే. మెకానిక్ మాట దీనికీ వర్తిస్తుందని తర్వాత తట్టింది: ఇదీ పనిలేకే చచ్చింది.

ఎవరూ అడగని మూడోది

దుకాణాల్లో ఎక్కడో వెనక అరలో వైరు మిషన్ ఉంటుంది. ప్లగ్ పెట్టి తిప్పేది. దాన్ని అడిగేవాడు లేడు, చూపించేవాడూ లేడు. నిజానికి ఎనిమిది సెంట్ల స్థలమంటే సుమారు మూడున్నర వేల చదరపు అడుగులు, అటు అరవై ఇటు అరవై. ఇరవై ఐదు మీటర్ల వైరు మూలమూలకీ అందుతుంది. ట్యాంకులో గడ్డకట్టేదేమీ లేదు, అరిగే బ్యాటరీ లేదు, ఏడాది తర్వాత తీసినా ప్లగ్ పెడితే తిరుగుతుంది. మూడింట్లోకి చవక. ఇల్లు దాటని గడ్డికి బుద్ధిగా ఆలోచిస్తే ఇదే సరైనదని ఇప్పటికీ అంటాను. వైరు సన్నంది కాకుండా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది ఉండాలి, మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైతే చాలు పడిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి, వైరు ఎప్పుడూ భుజం మీదుగా వెనకాలే ఉండాలి.

అమ్మ ఒప్పుకోలేదు. "వాన తడి గడ్డిలో కరెంటు వైరు లాక్కుంటూ తిరుగుతావా?" అంది. పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి పోయినవాళ్ళ కథలు లేని ఊరు మా వైపు లేదు. ఆర్‌సీసీబీ గురించి పదిహేను నిమిషాలు చెప్పాను. శ్రద్ధగా విని, "అది కూడా పాడైతే?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ మూడో మిషన్ అక్కడితో ఆగింది.

బాబాయ్ బత్తాయి తోట

ఇల్లు అలా ఉంటే, మార్కాపురం రోడ్డు వైపు మా బాబాయ్‌కి రెండెకరాల బత్తాయి ఉంది. ఛార్జింగ్ మిషన్ కొంటే ఎలా ఉంటుందని ఆయన్ని అడిగాను.

"పొలంలో ప్లగ్ యాడుందబ్బయా? బోరు దగ్గర స్టార్టరు పెట్టె తప్ప." గట్టు మీద కూర్చొని అన్నాడు. "రెండెకరాలకి ఎన్ని బ్యాటరీలు మోసకపోవాలి? డబ్బాలో రెండు లీటర్ల పెట్రోలు తెచ్చుకుంటే పొద్దుగూకే దాకా నాదే రాజ్యం."

ఆయన మిషన్ ఏటా నెలల తరబడి తిరుగుతుంది కాబట్టి కార్బురేటర్ ఎప్పుడూ ఎండలేదు. అయితే తోటలో దాంతో చేయకూడనివి ఆయనకి నష్టపడే తెలిశాయి. మొదటి ఏడు డ్రిప్పు పైపులు తొమ్మిది చోట్ల తెగ్గొట్టాడు. గడ్డిలో పరుచుకున్న నల్ల గొట్టం బ్లేడుకి కనపడదు. లేత మొక్కల మొదళ్ళ దాకా నైలాన్ దారం పోనిచ్చాడు. కాండం చుట్టూ బెరడు ఉంగరంలా లేచిపోయి మూడు మొక్కలు నిలువునా ఎండాయి. ఇప్పుడు ప్రతి చెట్టు చుట్టూ మూరెడు మేర చేత్తోనే పీకిస్తాడు. మిగతా చోట్ల నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి కోస్తాడు. తవ్వితే పైన పాకే పీచు వేర్లు తెగుతాయి. కోసిన గడ్డి అక్కడే పడి నేలకి కప్పు అవుతుంది.

పొరుగు ఇంటి బర్రె తోట గట్టు మీద పెరిగింది. మిషన్ రాకముందు ఆ ఇంటావిడ రోజూ కొడవలి తెచ్చి గట్టుగడ్డి కోసి మోపు కట్టుకుపోయేది. బాబాయ్‌కి గట్టు శుభ్రం, ఆవిడకి మేత. దారంతో కొడితే గడ్డి పొట్టు పొట్టయి మట్టిలో కలుస్తుంది. పెట్రోలు కంపుకి బర్రె మూతి పెట్టదు. ఆ సంగతి గట్టు దగ్గర మాటామాటా వచ్చేదాకా ఆయనకి తట్టలేదు. ఇప్పుడు తూర్పు గట్టు ఆవిడకి, పడమటి గట్టు మిషన్‌కి.

ఇక మిరప, పత్తి చేలల్లో సాళ్ళ మధ్య ఈ మిషన్లకి చోటు లేదు. అక్కడ ఇప్పటికీ అరక వెనక గుంటక, దాని వెనక కలుపు తీసే ఆడవాళ్ళే. దారం చివర ఒక్క అంగుళం తప్పితే మిరప మొక్క నడుం విరుగుతుంది. గట్లూ, కాలవ ఒడ్లూ, దారులూ వీటి రాజ్యం.

పెట్రోలా ఛార్జింగా అని దుకాణంలో వాదించుకుంటాం కానీ, ఆ గట్ల మీద పెట్రోలుకు పోటీ వచ్చేది బ్యాటరీ కాదు, గడ్డి మందు. వీపుకి ఒక ట్యాంకు తగిలించుకొని గంటలో గట్టంతా తిరిగి రావచ్చు, వారానికి పసుపు పచ్చగా మాడిపోతుంది. ఏ మిషనూ అంత చవకగా ఆ పని చేయలేదు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందుని తర్ఫీదు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మన గట్ల మీద ఆ ఆపరేటర్‌ని చూసినవాళ్ళుంటే చెప్పండి. పారాక్వాట్ అయితే మనిషి కడుపులోకి పోతే విరుగుడే లేని మందు. బాబాయ్ మందు మానింది మాత్రం ఈ కారణాలకి కాదు. ఒకరోజు గాలి తిరిగి ఆ తుంపర పక్క చేలో మిరప మీద పడింది. పరిహారం కట్టాక పెట్రోల్ గడ్డి మిషన్ కొన్నాడు. అలా చూస్తే ఆయన నీలం పొగ ఊరికి మేలే చేసిందనాలి. పొగ గురించి నీతులు చెప్పే ముందు ఇది కూడా లెక్కలో వేయాలి.

కాలిఫోర్నియా వాళ్ళ లెక్క వేరు. అక్కడ 2021లో చట్టం చేసి, 2024 నుంచి కొత్తగా అమ్మే చిన్న తోట ఇంజన్లు పొగ లేనివే ఉండాలన్నారు. పెట్రోల్ గడ్డి యంత్రం గంట నడిస్తే వచ్చే పొగమంచు కాలుష్యం, కారు 300 మైళ్ళు పోతే వచ్చేదానికి సమానమని అక్కడి గాలి నాణ్యత సంస్థ లెక్క కట్టింది. అంటే ఒంగోలు నుంచి చెన్నై పోయి సగం దారికి పైగా వెనక్కి వచ్చినంత. ప్రతి ఇంటికీ పచ్చికా, ప్రతి శనివారం మిషనూ ఉన్న చోట ఆ చట్టం సబబే. ఏడాదికి నాలుగైదు నెలలు గడ్డి మొలిచే ఊళ్ళో, తోట ఉన్న రైతు చేతిలోంచి ఇంజన్ లాక్కుంటే ఆయన చెయ్యి ముందుగా పోయేది మందు డబ్బా మీదికే.

చివరికి మా ఇంట

పెట్రోల్ మిషన్‌ని బాబాయ్‌కి ఇచ్చేశాను. ఆయన దగ్గర దానికి పని ఉంది. నాకోసం పేరున్న కంపెనీది 18 ఓల్టుల మిషన్, రెండు బ్యాటరీలు. అవే బ్యాటరీలు డ్రిల్లుకీ పనికొస్తాయి కాబట్టి వేసవిలో కూడా ఖాళీగా ఉండవు. బరువు మూడు కిలోల చిల్లర. అమ్మ కూడా ఒకసారి పట్టుకొని తులసికోట చుట్టూ తిప్పి చూసింది, "చీపురు కన్నా నయమే" అంది.

అయితే దాంతో నా అలవాటు మారాల్సి వచ్చింది. మోకాలెత్తు పెరిగేదాకా ఊరుకొని, పండగ ముందు యుద్ధం చేస్తానంటే ఇది ఒప్పుకోదు. మొదటి రోజు అలాగే దిగితే రెండు బ్యాటరీలూ అయిపోయి సగం వాకిలి మిగిలింది. పైనుంచి సగం, తర్వాత కిందనుంచి సగం, రెండు విడతలుగా కోయాల్సి వచ్చింది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి, చీలమండ ఎత్తులో ఉండగానే, ఒక్క బ్యాటరీతో ముగుస్తోంది. పొద్దున్నే ఆరింటికి తిప్పినా ఎదురింటివాళ్ళు లేవరు. వయ్యారిభామని మాత్రం చేత్తోనే పీకుతున్నాను. వంగక తప్పలేదు.

సంక్రాంతి దాటాక గడ్డి పని ఆగింది. బ్యాటరీల్ని సగం ఛార్జింగ్‌లో ఉంచి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోట పెట్టమని పుస్తకంలో ఉంది. మా ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే, వంటింటి వెనక చీకటి గది, ఆవకాయ జాడీల అర. పాత గుడ్డలో చుట్టి జాడీల పక్కన పెట్టాను. సాయంత్రానికి అవి కింద అరలోకి దిగి ఉన్నాయి.

"పేలదు గదా అది?" అంది అమ్మ.

"సగం ఛార్జింగే ఉందమ్మా."

"సగం పేలినా ఆవకాయ పోద్ది," అని, జాడీకి వాసెన గుడ్డ బిగించి కట్టింది.